పాల కేంద్రంలో గద్దచేప

మొన్న సూరారంలో మా నర్సింగ్ మామ కూతురు స్వాతి చేపల దుకాణం తెరిచిందంటే చూసొద్దామని వెళ్లాను. తినే చేపలు కాదు, అద్దాల తొట్లలో పెంచుకునే చేపలు. మామ మా అమ్మకు తమ్ముడు. ఒకప్పుడు అల్వాల్‌లో ఆయనకూ ఇలాంటి దుకాణమే ఉండేది. అందులో ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట చెప్పుల దగ్గర ఆగాల్సిందే. ఇప్పుడు బిడ్డ దుకాణంలో కుర్చీ వేయించుకుని దర్జాగా కూర్చుని, వచ్చినవాళ్లకు అడగని సలహాలన్నీ ఇస్తున్నాడు. బంగారు చేపలను దాటుకుని లోపలికి పోతే నీలం లైటు కింద ఒక ఉప్పునీళ్ల తొట్టి కనిపించింది. అందులో ఒక రాయి మీద వేలెడంత చేప రెండు రెక్కలూ చేతుల్లా ఆనించి కూర్చుంది. ఈదడం లేదు, నిజంగానే కూర్చుంది. నేను కుడివైపు జరిగితే దాని కన్ను నాతోపాటు కుడివైపు జరిగింది. "వదినా, గిది గద్దచేప, సముద్రంల..." అని స్వాతి మొదలుపెట్టబోయింది. "గద్దచేప గురించి నాకు చెప్తున్నవా?" అన్నాను. మామ కుర్చీలోంచే పకపకా నవ్వాడు.

స్వాతి ఆ తొట్టిలోంచి ఒక చుక్క నీళ్లు తీసి, చిన్న దుర్భిణీ లాంటి పరికరం మీద వేసి, వెలుతురుకు ఎత్తి చూసి ఉప్పు సరిగ్గానే ఉందని చెప్పింది. అప్పుడు మామ లేచి గల్లాపెట్టె వెనక వెతికి ఒక గుడ్డ చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇన్నొద్దులు నా కాడనే ఉన్నది. ఇగ నీ కాడ ఉండాలె కోడలా," అన్నాడు. విప్పితే మా బాపు లాక్టోమీటరు. అడుగున బరువున్న సన్నటి గాజు గొట్టం, లోపల గీతలున్న కాగితం. మంచి పాలల్లో వదిలితే తల పైకెత్తి నిలబడుతుంది, నీళ్లు కలిసిన పాలల్లో సిగ్గుపడినట్టు లోపలికి దిగిపోతుంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఇన్నేళ్ల తర్వాత పాల వాసన ఎక్కడుంటుంది చెప్పండి. ఉందనే అనిపించింది. ఆ పూట ఇంటికి వచ్చాక కూడా దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అది పాలనూ సముద్రాన్నీ రెండింటినీ కొలిచిన గొట్టం. దాని వల్ల మా ఇంటి పరువు గంగలో కలవబోయి ఆగింది.

అప్పుడు మేము మేడ్చల్ పక్కన గౌడవెల్లిలో ఉండేవాళ్లం. నేను మేడ్చల్‌లో ఇంటర్ చదువుతున్నాను. బాపు ఊరి పాల కేంద్రం చూసేవాడు. మా ఇంటి ఎదురుగా, సందు దాటితే కేంద్రం. షాబాదు బండలు పరిచిన ఒక గది, ముందు రేకుల పందిరి, గోడవారన అల్యూమినియం క్యాన్లు. పొద్దు పొడవకముందే అవ్వ, అంటే మా బాపు తల్లి, బర్రెల కింద కూర్చునేది. పాలధార సర్వలో పడే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. మొదట గిన్నె అడుగున కణకణమని, తర్వాత నురగలో బుసబుసమని. మా ఇల్లంతా ఒకటే వాసన, పచ్చిగడ్డి, కుడితి, పిడకల పొగ, కాగిన పాలు కలిసిన వాసన. కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్ల నీ పుస్తకాలు కూడా పాల వాసనేనే అనేది. అప్పుడు నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే కాఫీ తాగించి పంపిస్తాను.

బాపు పేరు బుచ్చన్న. మాట తక్కువ, పట్టు ఎక్కువ. తెల్ల బనీను మీద తువ్వాలు వేసుకుని కేంద్రంలో నిలబడితే వరుసలో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే సర్వ తెచ్చి దించేవారు. ఆయన సన్నటి పాత్రలోకి పాలు పోసి, లాక్టోమీటరు వదిలి, అది ఊగి ఊగి నిలబడేదాకా కదలకుండా చూసేవాడు. గీత బాగుంటే "పొయ్యి" అనేవాడు, లేకుంటే "తీస్కపో" అనేవాడు. మూడో మాట ఉండేది కాదు. ఒకసారి అవ్వ తెచ్చిన పాలే వెనక్కి పంపాడు. ఆమె సర్వ కడిగి, అడుగున మిగిలిన నీళ్లు వంపకుండానే పాలు పిండిందట. "బర్రె నీళ్లు మస్తుగ తాగిందిర," అంది అవ్వ. "బర్రె తాగిన నీళ్లు పొదుగులకెల్లి రావు. తీస్కపో అవ్వా," అన్నాడు బాపు, ఊరంతా చూస్తుండగా. అవ్వ ఆ రోజు ఆయనకు అన్నం పెట్టింది గానీ, కూర వడ్డించలేదు. కానీ మరునాటి నుంచి కేంద్రంలో ఎవరి పాలు వెనక్కి పంపినా ఎవరూ నోరెత్తలేదు. కన్నతల్లివే తీసుకోని మనిషితో ఏం వాదిస్తారు!

అలాంటి ఇంట్లోకి సముద్రం వచ్చిపడింది. అల్వాల్‌లో మామ దుకాణానికి వచ్చే ఒక డాక్టరు ముచ్చటపడి ఉప్పునీళ్ల తొట్టి పెట్టించుకున్నాడు. రంగురంగుల చిన్న చేపలు, గాజు బొమ్మల్లాంటి చిన్న రొయ్యలు, వాటితోపాటు ఒక గద్దచేప. కొన్ని వారాలకు రొయ్యలు మాయం. ఇంకొన్నాళ్లకు చిన్న చేపలు మాయం. చివరికి గద్దచేప ఒక్కటే రాయి మీద కూర్చుని డాక్టరు వంక చూస్తోంది. ఇంతలో ఆయనకు బదిలీ అయింది. తొట్టి నువ్వే తీసుకుపో నాయనా అని మామకు అప్పగించి వెళ్లిపోయాడు. మామ దుకాణంలో దాన్ని పెట్టే జాగా లేదు. "అక్కా, నాలుగొద్దులు ఉంచుకో, బేరం రాంగనే తీస్కపోత," అని మా అమ్మను బతిమాలి, టెంపోలో మా ఇంటికి తెచ్చాడు. నాలుగొద్దులు ఉంటానని వచ్చిన చుట్టం ఎప్పుడైనా పోయిందా?

గౌడవెల్లి రైలు గేటు దగ్గర టెంపో ఎగిరి పడ్డప్పుడు మామ తెచ్చిన ఉప్పు కొలిచే గాజు గొట్టం పగిలింది. ముందు గదిలో తొట్టి దించాక మామ తల పట్టుకున్నాడు. మద్రాసు నుంచి చేపల పెట్టెలతోపాటు వచ్చే ప్రత్యేకమైన ఉప్పు నీళ్లలో కలపాలి. ఎక్కువైనా చేప చస్తుంది, తక్కువైనా చస్తుంది. "పరేషాన్ అయ్యింది బావా, గిప్పుడెట్ల గొల్వాలె?" అన్నాడు. బాపు పగిలిన ముక్కలను ఒక్కొక్కటే ఏరుతూ లోపలి గీతల కాగితాన్ని చూశాడు. లేచి సందు దాటి కేంద్రంలోకి పోయి, అక్కడున్న రెండు లాక్టోమీటర్లలో పాతదాన్ని తెచ్చి, డాక్టరింటి నుంచి వచ్చిన పాత నీళ్లే ఉన్న తొట్టిలో వదిలాడు. అది ఊగి ఊగి నిలబడింది. మంచి పాలల్లో ఎక్కడ నిలబడుతుందో, దానికి కొంచెం కింద. "నీ సముద్రం, నా పాలు, రెండు ఒక్క తీరు బరువే గదర బామ్మర్దీ!" అన్నాడు. బాపు అంత సంతోషంగా మాట్లాడటం అప్పటిదాకా నేను వినలేదు. ఆ రోజునుంచి చేప మామది అయినా, నీళ్లు మాత్రం బాపువి అయిపోయాయి.

చేప గురించి చెప్పాలి. మీగడ రంగు ఒళ్లు, దాని మీద ఇటుక రంగు మచ్చలు, ఎవరో జాజు చల్లినట్టు. వీపు మీది ముళ్ల కొసలకు సన్నటి కుచ్చులు. కింది రెక్కల్లో కొన్ని ఈనెలు వేళ్లలా లావుగా ఉండేవి. వాటిని రాయి మీద మోపి కూర్చునేది. మామ చెప్పినదాన్ని బట్టి, చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది, అందుకే అవి నీళ్లలో ఎక్కడంటే అక్కడ తేలుతూ నిలబడతాయి. గద్దచేపకు అది లేదు. ఈదడం ఆపితే రాయిలా కిందికి దిగుతుంది. అందుకని అది తేలడం మానేసి కూర్చోవడం నేర్చుకుంది. సముద్రంలో పగడపు దిబ్బల కొమ్మల మీద ఎత్తైన చోటు చూసుకుని కాపు కాస్తుందట. కన్నులు రెండూ వేటికవే తిరుగుతాయి. కింద చిన్న రొయ్యో చేపపిల్లో కదిలితే గద్ద తన్నుకుపోయినట్టు ఒక్క దూకుతో నోట కరుచుకుని, మళ్లీ వచ్చి అదే కొమ్మ మీద, అదే భంగిమలో కూర్చుంటుంది. ఏమీ జరగనట్టు ముఖం పెట్టుకోవడంలో దాన్ని మించింది లేదు.

అవ్వ మొదటిరోజు దాన్ని చూసి మూతి విరిచింది. "ఈదని చేపేందిర, కాళ్లిరిగిందా?" అంది. రెండో రోజు మధ్యాహ్నం పప్పు చెరిగే చేట పట్టుకుని తొట్టి ముందు కూర్చుంది. అవ్వ చేట ఎటు ఆడిస్తే చేప కన్ను అటు ఆడింది. చాలాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "గీన్ని జూస్తే మక్కచేన్ల మంచె మీద పిట్టలకు కావలున్నోని లెక్కనే ఉన్నడు," అంది. అంతే, ఆ రోజు నుంచి దాని పేరు కావలోడు. అవ్వ అడుగుల చప్పుడు వింటే రాయి దిగి అద్దం దగ్గరికి వచ్చేవాడు. అమ్మ వస్తే తల కూడా తిప్పేవాడు కాదు. తిండి పెట్టేది ఎవరో వాడికి తెలుసు మరి. ఒకసారి మామ, ఈ చేపలన్నీ మొదట ఆడవే, గుంపులో అన్నిటికంటే పెద్దది మగదిగా మారుతుంది అని చెప్పాడు. మా అమ్మ నోరు తెరిచింది. అవ్వ మాత్రం చేట ఆపకుండా అమ్మ వైపు చూసి, "గండ్ల వింతేమున్నది? మీ మామ పోయినంక నేను మొగోన్నే అయిన గద," అంది. ఆ మాటకు మామ నవ్వలేదు. "నిజమే అత్తా," అన్నాడు. తాత పోయాక ఈ ఇంటినీ బర్రెలనూ ఆమే మోసింది. నాకు అవ్వ మీద గౌరవం మొదలైంది ఆ చేప వల్లే అంటే మీరు నవ్వుతారు, కానీ అది నిజం.

కావలోడి తిండికి మామా నేనూ స్కూటరు మీద శామీర్‌పేట చెరువు కట్టకు పోయేవాళ్లం. దారి పొడుగునా ద్రాక్షతోటలు. పండ్లు పక్వానికి వచ్చినప్పుడు తీపి వాసనకు మామ స్కూటరు దానంతట అదే నెమ్మదించేది. కట్ట మీద చేపలమ్మే ఆమె దగ్గర మామ అన్నిటికంటే సన్న రొయ్యలు ఏరి గుప్పెడే అడిగేవాడు. "గిన్నిటితోని కూర ఎట్లయితదయ్యా?" అనేది ఆమె. "మా అక్కోళ్లింట్ల ఒక సుట్టమున్నడు, గాయనకు ఉడకబెట్టొద్దు, పచ్చియే గావాలె," అనేవాడు మామ. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఇంకో నాలుగు రొయ్యలు వేసేది. కరెంటు పోతే గాలి పంపు ఆగిపోయేది. అప్పుడు ఎవరు దగ్గరుంటే వాళ్లు చెంబుతో తొట్టి నీళ్లు ముంచి, పాలు చల్లార్చినట్టు ఎత్తునుంచి తిరగబోయాలి. పాలు తిరగబోసే ఇల్లు కదా, మాకు అది ప్రత్యేకంగా ఎవరూ నేర్పలేదు. ఇంకో ఆజ్ఞ, తొట్టి మీది సన్న కన్నాల జాలి మూత ఎప్పుడూ తీయొద్దు. బెదిరితే ఇవి ఎగురుతాయని మామ ప్రతిసారీ హెచ్చరించేవాడు.

ఎండాకాలంలో వచ్చింది తంటా. తొట్టిలో కొన్ని నీళ్లు తీసేసి కొత్తవి పోయడానికి పెరట్లో నీలం డ్రమ్ములో ఉప్పునీళ్లు కలిపేవారు. ఒక సాయంత్రం మామ ప్యాకెట్టు విప్పి పోస్తున్నాడు, బాపు కర్రతో కలిపి లాక్టోమీటరు వదిలి చూస్తున్నాడు. "ఇంకింత ఎయ్యి బామ్మర్దీ... ఇంకింత... ఆఁ, బస్. పాలల్ల నిలవడ్డట్టే నిలవడ్డది," అన్నాడు. సరిగ్గా అప్పుడే వెనక వీధి సత్తెమ్మత్త కొడవలి అడగడానికి పెరటి గోడ దగ్గరికి వచ్చింది. రోజూ కేంద్రంలో పాలు పోసే మనిషి. కొడవలి అడగకుండానే వెనక్కి తిరిగింది. ఆమెను నేను తప్పుపట్టను. పాలు పోసే ఇళ్లలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు, పాలల్లో నీళ్లు కలిపితే గీత దిగుతుంది, దొంగతనం దాచాలంటే ఇంత ఉప్పు వేస్తే గీత మళ్లీ లేస్తుంది. ఊళ్లో పాలన్నీ కొలిచే బుచ్చన్న, పెరట్లో డ్రమ్ము నీళ్లలో ఉప్పు కలిపి, పాల గీత దాకా తెచ్చి సంబరపడటం ఆమె కళ్లారా చూసింది. ఇక ఏమనుకోవాలి?

మా ఇంట్లో చేప ఉందని ఊరందరికీ తెలుసు. కానీ అది సముద్రపు చేప అని ఎవరికీ పట్టలేదు. చేప అంటే వాళ్లకు శామీర్‌పేట చెరువుదే, బావిదే. మర్నాడు వరుస సగమైంది. మూడో రోజుకు కేంద్రం ముందు ఇద్దరు ముగ్గురు మిగిలారు. మిగతావాళ్లంతా సందు మొదట్లో ఆగే ప్రైవేటు వ్యాను దగ్గర నిలబడ్డారు. అక్కడ కొలతా లేదు, గీతా లేదు, పోసుకుని పోవడమే. విషయం తెలిసి అమ్మ బావి దగ్గర అందరికీ చెప్పి చూసింది, ఆ ఉప్పు చేప కోసమని. బావి దగ్గర ఒకటే నవ్వు. "చేపకు ఉప్పు కూరల ఏస్తరు గని, బతికున్నప్పుడే ఏస్తరానె?" అన్నారట. అమ్మ ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. నిజం చెప్పినకొద్దీ అబద్ధంలా వినిపించడం ఎంత నరకమో నాకు ఆ వారంలో తెలిసింది.

పాలు తగ్గితే డెయిరీ వాళ్లు కేంద్రం ఎత్తేస్తారు. కానీ బాపును తొలిచింది అది కాదు. కన్నతల్లి పాలు వెనక్కి పంపి సంపాదించుకున్న పేరు అది. దాన్ని ఉప్పునీళ్ల పాలు చేశారు. ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. "అందర్ని పిల్చి తొట్టి సూపియ్యి బావా, నీళ్లు రుచి సూడమను," అన్నాడు మామ. బాపు ముఖం ఎర్రబడింది. "నేను దొంగను గానని ఇల్లిల్లు తిరిగి సాక్షం జెప్పుకోవాల్నా? నమ్మితె నమ్ముతరు, లేకుంటె లేదు. గాని గీ చేపను రేపు తీస్కపో నర్సింగూ. గది ఇంట్లున్నన్నొద్దులు నా మాట ఎవ్వలు ఇనరు." మామ మాత్రం ఎక్కడికి తీసుకుపోతాడు? బేరం లేదు, దుకాణంలో జాగా లేదు, మూడువందల కిలోమీటర్ల దూరం దాకా సముద్రం లేదు. వాడు మా చెరువు నీళ్లలో గంటసేపు కూడా బతకడు. నేను ఏడుస్తూ తొట్టి దగ్గర కూర్చున్నాను. కావలోడు రాయి మీదినుంచి ఒక కన్నుతో నన్నూ, ఇంకో కన్నుతో బాపునూ చూస్తున్నాడు.

పొద్దున్నే నేను లేచేసరికి తొట్టి మీద జాలి లేదు, రాయి మీద కావలోడు లేడు. బయటికి పరుగెత్తితే అవ్వ సందులో నడిచిపోతోంది. చంకలో బిస్కెట్లు పోసుకునే పెద్ద గాజు సీసా. సీసాలో తొట్టి నీళ్లు, ఒక చిన్న రాయి, రాయి మీద కావలోడు. కూర్చునే ఉన్నాడు, దేవుడి ఊరేగింపులో దేవుడిలా నాలుగు దిక్కులూ చూసుకుంటూ. కొడుకు పౌరుషం కొడుకుది, అవ్వ తెలివి అవ్వది. ఆమె నేరుగా వ్యాను దగ్గరికి పోయి వరుస ముందు సీసా ఎత్తిపట్టింది. కేంద్రంలో ఖాళీ క్యాన్ల మధ్య నిలబడ్డ బాపు అక్కడినుంచే చూశాడు. "అవ్వా, ఏం జేస్తున్నవే!" అని అరిచాడు. అవ్వ వినలేదు.

"సత్తెమ్మా, ఇటు రా," అంది అవ్వ. "నా కొడుకు ఉప్పు ఎవలకు కలిపిండో నీ నాలికెతోని నువ్వే జెప్పు. గిండ్ల ఏలు పెట్టి సూడు." ఆడవాళ్లంతా మూగారు. పిల్లలు కాళ్ల సందుల్లోంచి దూరారు. "అమ్మో, గుడ్లు ఎట్ల దిప్పుతున్నదే!" "గది కూసున్నదే, చేప కూసున్నది!" సత్తెమ్మత్త తన పాల సర్వ కింద పెట్టి, అనుమానంగా సీసాలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "థూ! విషమోలె ఉన్నది! గిండ్ల చేప ఎట్ల బతుకుతున్నదవ్వా?" అంది. నిజం బయటపడ్డ క్షణం అది. కానీ ఆ వేలును కావలోడు వేలనుకోలేదు. పెద్ద రొయ్య అనుకున్నాడో, పెద్ద శత్రువనుకున్నాడో, సీసాకు మూత లేదన్నది మాత్రం కనిపెట్టాడు. రాయి మీదినుంచి ఒక్క ఎగురు ఎగిరాడు. అందరి కళ్ల ముందు గాలిలో గిర్రున తిరిగి, సత్తెమ్మత్త సర్వలో, నురగ మధ్యలో, బుడుంగున పడ్డాడు.

నా జీవితంలో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. బాపు సందులో పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పాలల్లో ముంచి, కావలోణ్ని దోసిట్లో ఎత్తి సీసాలో వేశాడు. వీపు ముళ్లు గుచ్చుకుని అరచేతిలో నెత్తురు వచ్చింది. సీసాలో నీళ్లు తెల్లబడ్డాయి. కావలోడు అడుక్కు దిగి, ఒకసారి ఒళ్లు దులుపుకుని, నెమ్మదిగా రాయి ఎక్కి కూర్చున్నాడు. ఏమీ జరగనట్టు అదే ముఖం. జనం ఈలలు, చప్పట్లు. వ్యానువాడికి ఇవేవీ పట్టలేదు. "అమ్మా, జల్దీ జల్దీ! చేప తీసిండు గదా, ఏం గాలే, పాలు ఇటు పొయ్యి," అని సర్వ కోసం చెయ్యి చాచాడు. సత్తెమ్మత్త కూడా వంగి సర్వ ఎత్తబోయింది. బాపు ఆ సర్వ మీద చెయ్యి వేశాడు. "పొయ్యకు సెల్లె. చేప వడ్డ పాలు. ఎవలో పసిపిల్ల తాగుతది," అన్నాడు.

అవి బాపు కేంద్రం పాలు కావు. ఆయన మీద ఉప్పు నింద వేసిన మనిషి పాలు, ఆయన కడుపు కొడుతున్న వ్యానులోకి పోయే పాలు. వదిలేస్తే ఆయనకు పోయేదేమీ లేదు. బాపు ఆ సర్వ ఎత్తి మా బర్రెల కుడితి తొట్టిలో కుమ్మరించి, దాన్ని బోరింగు కింద కడిగి, మా ఇంట్లో ఆ పొద్దున పిండిన పాలతో నింపి తెచ్చి సత్తెమ్మత్త ముందు పెట్టాడు. "మా చేప జేసిన నష్టం. ఇగ ఎక్కడ బోసుకుంటవో నీ ఇష్టం," అని కేంద్రంలోకి పోయి మళ్లీ ఖాళీ క్యాన్ల మధ్య నిలబడ్డాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపించింది. ఆ రోజు నేను మా బాపును చూసి ఎంత గర్వపడ్డానో అది ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇలాంటివి మా ఇళ్లలో చెప్పుకోరు.

సాయంత్రం మామ స్కూటరు వేసుకుని వచ్చాడు, చేపను తీసుకుపోవడానికి ఒక డబ్బా కూడా తెచ్చుకున్నాడు. బాపు ఆ డబ్బా చూసి, "గదెందుకు?" అన్నాడు. "నువ్వే గద బావా తీస్కపొమ్మన్నవు." "నిన్న అన్న. ఇయ్యాల అన్ననా?" అన్నాడు బాపు. అంతే, ఆ మాట మళ్లీ ఇంట్లో రాలేదు. కావలోడు మా ఇంట్లో ఇంకా చాలా ఏళ్లు బతికాడు. నాకు పెళ్లయి వెళ్లాక కూడా ఫోనులో అవ్వ ముందు వాడి సంగతి చెప్పి, తర్వాత బర్రెలది, చివరికి మనుషులది చెప్పేది. వాడు పోయిన రోజున తొట్టి ఖాళీ చేసి, లాక్టోమీటరును బాపు మామకు ఇచ్చేశాడట. పాలకు కొత్తది ఉంది, సముద్రానికి ఇక పనిలేదు అని.

ఇప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ద్రాక్షతోట ఒక్కటి చూపించండి, మీకు దండం పెడతాను. మక్కచేలు పోయాయి, మంచెలు పోయాయి, గేటు పెట్టిన విల్లాల వరుసలు వచ్చాయి. మా కేంద్రం ఉన్న చోట మొబైల్ దుకాణం. నేను అప్పటి రోజులే గొప్పవని అనే రకం కాదు. స్వాతి దుకాణం నాకు మస్తు నచ్చింది. కరెంటు పోయినా దానంతట అదే నడిచే పంపు ఉంది, ఎవరూ చెంబుతో తిరగబోయనక్కర్లేదు. చేప వివరాలన్నీ పిల్ల ఫోనులో చూపిస్తుంది. మా ఇంటికి పాలు ప్యాకెట్టులో వస్తాయి. శుభ్రంగా ఉంటాయి, తేడా ఏమీ ఉండదు. కానీ మొన్న సూరారం నుంచి వచ్చిన మర్నాడు పొద్దున ప్యాకెట్టు కత్తిరించి గ్లాసులో పోసి, ఎందుకో బాపు లాక్టోమీటరు వదిలి చూశాను. గీత బాగానే ఉంది. బాగుందని నాకు చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు, బాగాలేకపోతే వెనక్కి ఇద్దామన్నా ఎవరూ లేరు. అప్పుడు గుర్తొచ్చింది, చేప ఎగిరిన మర్నాటి పొద్దు.

ఆ పొద్దున వ్యాను వచ్చి హారను కొట్టింది. సత్తెమ్మత్త సర్వ నెత్తిన పెట్టుకుని సందులోకి వచ్చింది, వెనక మరో పదిమంది. వ్యాను దాటింది. తలుపు దగ్గర వ్యానువాడు చెయ్యి చాచినా చూడలేదు. నేరుగా వచ్చి మా కేంద్రం బండ మీద సర్వ దించింది. బాపు సన్నటి పాత్ర అందుకోబోతే, "ఇగ గీత సూసుడెందుకన్నా, పోసుకో. నీ మీద నాకు నమ్మకమొచ్చింది," అంది. బాపు తల ఊపాడు. పాత్రలో పాలు పోశాడు, లాక్టోమీటరు వదిలాడు. అది ఊగి ఊగి, సిగ్గుపడినట్టు లోపలికి దిగింది. నేను గుమ్మంలోంచి, వద్దు బాపూ, ఈ ఒక్కపూటకు వద్దు అని మనసులో మొక్కుతున్నాను.

"నీళ్లున్నయి సెల్లె. తీస్కపో," అన్నాడు బాపు.

సత్తెమ్మత్త నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "నిన్న నా పాలల్ల చేపనేసినవు, ఇయ్యాల నీళ్లంటవా? మంచిగున్నది నీ యవ్వారం!" అంది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. వరుసంతా నవ్వింది. ఇంట్లోంచి అవ్వ నవ్వు కూడా వినిపించింది. సత్తెమ్మత్త సర్వ నెత్తికెత్తుకుని తిరిగి పోయింది. సందు మొదట్లో వ్యాను ఇంకా ఆగే ఉంది. అక్కడ కొలతా లేదు, గీతా లేదు. ఆమె దాని పక్కనుంచే నడుచుకుంటూ ఇంటికి పోయింది. సాయంత్రం చిక్కటి పాలు పట్టుకుని మా కేంద్రానికే వచ్చింది.